సూర్యకుమారి చోప్ చేసిన బెంచీ

సూర్యకుమారిని ఎవరైనా "బాగున్నారా?" అని పలకరిస్తే "ఆఁ, ఏదో... అలిసిపోయానండీ" అంటుంది. సింగపూర్‌లోని సెంబవాంగ్‌లో వాళ్ల బ్లాకు కింద తారసపడే తెలుగువాళ్లందరికీ ఆ మాట అలవాటే. కొందరు నవ్వేసి ఊరుకుంటారు. కొందరు "మీకేంటి ఆంటీ, ఒక్కగానొక్క కూతురు, అదీ ఉద్యోగంలో చేరింది, ఇంకా అలసటేంటి?" అని తగులుకుంటారు. ఆవిడ జవాబు చెప్పదు. చెప్పడానికైనా ఓపికుండాలిగా!

యాభై దాటిన మనిషి. తెల్లవారకముందే లేచి, అన్నం, కూర, పప్పు దింపి, మూడు డబ్బాలు సర్ది, సెంబవాంగ్‌లో రైలెక్కి, మధ్యలో ఇంకో రైలు మారి తంజోంగ్ పగార్‌లో దిగుతుంది. అక్కడ సరుకుని ఓడలకెక్కించే ఓ చిన్న కంపెనీలో కాగితాల పని. ఏ కంటెయినర్‌లో ఏముందో, అది ఏ రేవుకి చేరాలో ఈవిడ టైపు చేస్తేనే పెట్టె కదులుతుంది. ఏళ్ల తరబడి పెట్టెల్ని లోకమంతా తిప్పింది గానీ, తను మాత్రం సెంబవాంగ్ నుంచి తంజోంగ్ పగార్‌కీ, తంజోంగ్ పగార్ నుంచి సెంబవాంగ్‌కీ తిరిగింది. సాయంత్రం రైల్లో సీటు దొరికితే కళ్లు మూసుకుంటుంది. దొరక్కపోతే నిలబడే మూసుకుంటుంది.

ఇంటికొస్తే మళ్లీ వంటిల్లే. ఆ వంటింట్లో స్టీలు సామాను మీదంతా ఒక్కటే పేరుంటుంది. కె. సుధాకరరావు, బాపట్ల. గిన్నెల అంచుల మీద, డబ్బాల మూతల మీద, ఆఖరికి గరిటె కాడ మీద కూడా చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు. పెళ్లికి ముందు సూర్యకుమారి నాన్న తెనాలి బజారులో దగ్గరుండి కొని, దగ్గరుండి చెక్కించిన సామాను అది. కొన్నది మామగారు, తోమేది కూతురు, పేరు మాత్రం అల్లుడిది. మన పద్ధతే అంత, ఎవర్నని ఏం లాభం!

ఇంకో చిత్రం వినండి. ఆ పేరుని ఇన్నేళ్లుగా రోజూ పీచుతో రుద్దింది గానీ, ఒక్కసారి కూడా నోటితో అనలేదు. భర్త పేరు నోట పలికితే ఆయుష్షు తగ్గుతుందని కొత్తకోడలిగా ఉన్నప్పుడు అత్తగారు చెప్పింది. అత్తగారు పోయి చాలా కాలమైంది, మాట మాత్రం మిగిలిపోయింది. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో "మీ వారి పేరు?" అంటే సూర్యకుమారి కార్డు తీసి చూపిస్తుంది. కూతురు కీర్తిక చిన్నప్పుడు సింగపూర్ యాసలో "మమ్మీ, సే లా! వన్ టైమ్ సే లా!" అని వెంటపడి ఏడిపించేది. ఊహూఁ, ససేమిరా పలికేది కాదు.

సుధాకరరావు చెడ్డవాడేం కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. చాంగీ బిజినెస్ పార్కులో ఓ బ్యాంకు కంప్యూటర్లు చూసుకుంటాడు. కోపం లేదు, తాగుడు లేదు, పల్లెత్తు మాట అనడు. ఆయనతో ఉన్న చిక్కల్లా అన్నం. రెండు పూటలా అన్నం, అదీ ఇంట్లో వండిన అన్నం పడకపోతే ఆయనకి తిన్నట్టుండదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే "ఉప్పు కాస్త తగ్గిందోయ్" అంటాడు. ఉప్పు సరిపోయినా అంటాడు, ఎక్కువైనా అంటాడు. సూర్యకుమారి లేచి వెళ్లి ఉప్పు తెస్తుంది. సగం సార్లు ఆయన దాన్ని ముట్టుకోనైనా ముట్టుకోడు.

అలాంటి సూర్యకుమారికి ఒక కోరిక ఉంది. ఆఫీసులో ఆవిడ బల్ల ఎదురుగా ఏదో ఓడల కంపెనీ పంపిన క్యాలెండరు వేలాడుతుండేది. అందులో ఒక నెలకి ఎర్రటి లోయ బొమ్మ. కొండలు నిలువునా కోసేసినట్టు, అడుగున చీకటి, పైన ఎండ. ఒక్క మనిషి లేడు. నెలైపోయినా ఆవిడ ఆ కాగితం తిప్పలేదు, ఏడాదైపోయినా తీసెయ్యలేదు. సింగపూర్‌లో ఎక్కడ చూసినా మనుషులే, ఎప్పుడు చూసినా తేమే. కిటికీ బయట వెదురు కర్ర మీద ఆరేసిన బట్టలు ఆరవు, డబ్బాలో అప్పడాలు మెత్తబడిపోతాయి, రైల్లో ఒంటికి ఒళ్లు తగులుతుంది. అంత ఎండిన చోటు, అంత ఖాళీ చోటు నిజంగా ఉంటుందా అని ఆవిడకి అనుమానం. ఉంటే అక్కడికి పోయి, ఒక్క సాయంత్రం, ఒకే ఒక్క సాయంత్రం, ఎవరికీ ఏమీ వడ్డించకుండా కూర్చుని, సూర్యుడు ఆ లోయలోకి దిగిపోవడం చూడాలని ఆశ. అంతకుమించి ఆవిడ దేవుణ్ని కూడా ఏమీ అడగలేదు.

తల్లి ఆఫీసులో ఆ బొమ్మ చూసిన కీర్తిక, కిందటేడు ఉద్యోగంలో చేరాక, "మమ్మీ, నీ క్యాలెండర్ ప్లేస్‌కి పోదాం" అంది. అమెరికాలో లాస్ వేగాస్‌లో వ్యాను తీసుకుని, ఎడారి పార్కులూ లోయలూ వరసగా చూసుకుంటూ తిరిగి రావడం. సుధాకరరావు సెలవు పెట్టాడు. కింది అంతస్తులో ఉండే మహీధర్, ఆమని కూడా వస్తామన్నారు. కొత్తగా పెళ్లైన జంట, వ్యాను నడపడానికి మహీధర్ పనికొస్తాడని సుధాకరరావు ఎగిరి గంతేశాడు. "అక్కా, మీరుంటే మాకింక హోటల్ తిండెందుకు! మీ పులిహోర చాలు" అని ఆమని చేతులు పట్టుకుంది. ఆ పిల్ల ప్రేమగానే అంది. సూర్యకుమారి గుండె మాత్రం ఆ క్షణమే జారిపోయింది.

ఎందుకంటే ట్రిప్పంటే ఆవిడకి వంటిల్లు మారడమే. బాలీ వెళ్లినా కరెంటు కుక్కర్ వెళ్లింది, మలేషియా కొండలకి వెళ్లినా కుక్కర్ వెళ్లింది. ఈసారీ పెట్టెలో బట్టల కంటే ముందు కుక్కరే ఎక్కింది. దాని చుట్టూ పొడులు, పచ్చళ్లు, సీసాలో పులిహోర పులుసు, పేరు చెక్కిన స్టీలు డబ్బా ఒకటి. బియ్యం లాస్ వేగాస్‌లో ఇండియన్ కొట్టులో కొన్నారు.

మొదటి మోటల్లో ఓ తమాషా జరిగింది. సూర్యకుమారి బియ్యం కడిగి, ప్లగ్గుకి అడాప్టరు తగిలించి, మీట నొక్కింది. ఎర్ర దీపం మినుకుమంది. గంట గడిచింది. మూత తీసి వేలు పెడితే నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఇంకో గంట. బియ్యం బియ్యంలానే ఉన్నాయి.

"కుక్కర్ పోయిందాండీ?" అంది.

సుధాకరరావు వంగి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "వోల్టేజ్! ఇక్కడ కరెంటు మన దాంట్లో సగమే కదా. అయ్యో, నాకు తట్టనే లేదు."

"డాడీ, ఎవ్రీబడీ నోస్ లా" అంది కీర్తిక ఫోన్లోంచి తలెత్తకుండా.

బ్యాంకు కంప్యూటర్లన్నిటికీ కరెంటు లెక్కలు చూసే మనిషికి ఇంటి కుక్కర్ లెక్క తట్టలేదు. అందరూ ఉసూరుమన్నారు. సూర్యకుమారి కూడా మొహం చిన్నబుచ్చుకుంది, అది మర్యాద కోసం. లోపల మాత్రం, చెప్పొద్దూ, పండగైంది. ఆ రాత్రి పిజ్జా తెప్పించారు. ఆవిడ మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని, ఎవరో చేసిన తిండి ఎవరో తెచ్చిపెడితే తింది. చేతులు కడుక్కుని పడుకోవడమే, తోమాల్సింది ఏమీ లేదు. ఇకనుంచి అన్ని రోజులూ ఇంతే కదా అనుకుంటే నిద్ర కూడా తీపిగా పట్టింది.

మర్నాడు సాయంత్రానికి మొదటి లోయ అంచుకి చేరాలి. మహీధర్‌కి సింగపూర్ బళ్ల అలవాటు, మలుపొచ్చినప్పుడల్లా ఇండికేటర్ అనుకుని రెండో మీట నొక్కుతాడు, చుక్క వాన లేని ఎడారిలో వైపర్లు కిర్రుకిర్రుమని ఊగుతాయి. కీర్తిక, ఆమని పగలబడి నవ్వుతున్నారు. సూర్యకుమారి కిటికీ అద్దానికి నుదురానించి కూర్చుంది. దూరాన కొండలు ఎర్రబడుతున్నాయి. అంతలో సుధాకరరావు అన్నాడు.

"మహీధర్, బండి వెనక్కి తిప్పవోయ్. ఇందాక ఓ ఊరొచ్చింది చూడు, అక్కడ పెద్ద షాపుంది. కొత్త కుక్కర్ కొనేద్దాం. పాపం మీ అక్క, అన్నం లేక నిన్నట్నుంచీ దిగులు పెట్టుకుంది."

"నాకేం దిగులు లేదండీ" అంది సూర్యకుమారి.

"నీ మొహం చూస్తే తెలీదేంటి!" అన్నాడాయన ఎంతో ప్రేమగా.

ఏం చెప్పమంటారు? ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఆవిడ మొహం చదివిన మొదటిసారి అదే, అదీ తప్పు చదివాడు. బండి వెనక్కి తిరిగింది. షాపులో మగాళ్లిద్దరూ కుక్కర్లన్నీ తిప్పి తిప్పి చూశారు. బయటికొచ్చేసరికి పొద్దు గుంకిపోయింది. మొదటి లోయని వాళ్లు బండి దీపాల వెలుతురులో చూశారు. "రేపు చూద్దాంలే, లోయలెక్కడికీ పోవుగా!" అన్నాడు సుధాకరరావు. అందరూ నవ్వారు. సూర్యకుమారి ఒళ్లో కొత్త కుక్కర్ డబ్బా ఉంది.

ఆ తర్వాత వరసగా అదే తంతు. చీకటుండగానే లేచి, చలిలో వణుకుతూ, కుక్కర్‌లో అన్నం వండటం, అదే కుక్కర్‌లో పోపు వెయ్యడం. ఆవాలు చిటపటమనగానే మోటల్ పొగ గంట ఎక్కడ మోగుతుందోనని సుధాకరరావు కుర్చీ ఎక్కి దాని కింద తువ్వాలు విసురుతుంటాడు. వంటలో ఆయన చేసే సాయం అంతే, అదీ ఎంతో గర్వంగా చేసేవాడు. పగలంతా బండి. ఎర్ర మట్టి, తెల్ల మట్టి, మళ్లీ ఎర్ర మట్టి. ఎక్కడ ఆగినా అందరూ అంచుకి పరిగెత్తి ఫొటోలు తీసుకుంటారు. ఈవిడ బండి వెనక తలుపెత్తి కాగితం పళ్లాలు పరిచేది. "అక్కా, రండి, ఎంత బాగుందో!" అని ఆమని కేకేస్తే "వస్తున్నా తల్లీ" అనేది. వెళ్లేసరికి వాళ్లు ఆకలంటూ తిరిగొచ్చేసేవారు. సాయంత్రాలు మరీ ఘోరం. సూర్యుడు దిగే వేళకి సరిగ్గా సుధాకరరావుకి ఆకలేస్తుంది. రాత్రికి నడుం వాలిస్తే ఒళ్లంతా సలుపు. ఇన్ని వేల మైళ్లొచ్చి అదే పొయ్యి ముందు నిలబడ్డానే అని ఆవిడకి తన మీద తనకే జాలేసేది. కోపం రావలసిందే, కానీ కోపానిక్కూడా బలం కావాలి.

అలా అలా చివరి రోజొచ్చింది. చివరి పార్కు, చివరి సాయంత్రం. మర్నాడు విమానం.

ఆ పార్కు పేరు మనకెందుకు గానీ, అక్కడ లోయ అంచున, పొట్టి చెట్టొకదాని పక్కన ఒకే ఒక్క బెంచీ ఉంది. సరిగ్గా పడమటికి తిరిగి ఉంది. ఎదురుగా లోయ. సూర్యకుమారి దాన్ని చూసి అక్కడే నిలబడిపోయింది. క్యాలెండర్ బొమ్మ గీసినవాడు కూర్చున్నది ఇక్కడేనేమో అనిపించింది.

"అబ్బ, మంచి చోటు! సన్‌సెట్ ఇక్కడే చూద్దాం" అన్నాడు సుధాకరరావు. "సూర్యా, నువ్విక్కడే ఉండి బెంచీ చోప్ చెయ్. మేం షాపు దాకా పోయి బాత్రూములవీ చూసుకుని వచ్చేస్తాం. ఈలోగా పులిహోర కలిపి ఉంచావంటే వస్తూనే తినెయ్యొచ్చు."

సింగపూర్‌లో కొన్నాళ్లున్నవాళ్లకి చోప్ అంటే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం హాకర్ సెంటర్‌లో, అంటే తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాల్లో, బల్ల దొరకడం గగనం. అందుకని ముందుగా బల్ల మీద ఓ టిష్యూ పొట్లం పడేసి, అప్పుడు వెళ్లి తిండి తెచ్చుకుంటారు. ఆ పొట్లం ఉన్న బల్ల జోలికి ఇంకొకరు రారు. గొడుగు పెట్టినా అంతే, ఆఫీసు కార్డు పెట్టినా అంతే. తంజోంగ్ పగార్‌లో సూర్యకుమారి అలా ఎన్ని బల్లలు పట్టిందో. పెట్టిన వస్తువు పోతుందన్న భయం ఆవిడకి ఏనాడూ లేదు. లోకమంతా అంతేననుకుంది.

వాళ్లు నలుగురూ షాపు వైపు వెళ్లారు. అన్నం పొద్దుటే వండి చల్లార్చింది, పులుసు కలపడమే మిగిలింది. కలిపింది. స్టీలు డబ్బాలో కూరి మూత పెట్టింది. ఆ డబ్బాని కుక్కర్‌లో దించి, కుక్కర్‌ని సంచీలో పెట్టింది. సంచీ చిన్నది, కుక్కర్ పెద్దది, వైరు బయటికి వేలాడింది. అంతా అయ్యాక బెంచీ మీద కూర్చుని చూస్తే, పక్కనుంచి చిన్న కాలిబాట ఒకటి కిందికి దిగుతోంది. కొంచెం దిగితే మలుపు. మలుపులో చదునైన బండ.

ఒక్క నిమిషం దిగొద్దామా అనుకుంది. బెంచీ పోతే? సంచీలోంచి టిష్యూ పొట్లం తీసి పెట్టింది. గాలికి అది ఎగిరి లోయలో పడబోతే పట్టుకుంది. బరువైనదేదైనా కావాలి. అటూ ఇటూ చూసి, కుక్కర్ సంచీని బెంచీ మధ్యలో నిలబెట్టి, చెంగు సర్దుకుని దిగింది.

బండ వెచ్చగా ఉంది. కూర్చుంది. గాలి తప్ప చప్పుడు లేదు. గాలిలో తడి అన్నదే లేదు, పొద్దున కడుక్కున్న జుట్టు పొడిపొడిగా ఎగురుతోంది. ఈ బండ మీద వడియాలు పెడితే పూటలో గలగలలాడతాయి అనుకుంది. అనుకుని, "ఛీ, ఇక్కడ కూడా వడియాలేనా!" అని పైకే తిట్టుకుంది. చేతులకి ఏం చెయ్యాలో తోచలేదు. ఒడిలో పెట్టుకుంది. కళ్లు మూసుకుపోతున్నాయి, ఎంతైనా ఎన్నాళ్ల నిద్రో! బండకి వీపానించి అలాగే నిద్రపోయింది.

మెలకువొచ్చేసరికి సూర్యుడు అవతలి అంచు మీదున్నాడు. ఎదురుగా ఉన్న గోడలు ముందు గుమ్మడిపండు రంగులో ఉన్నాయి, చూస్తుండగానే పసుపు కుంకుమ కలిసిన రంగయ్యాయి, ఆనక అడుగు నుంచి నల్లబడుతూ వచ్చాయి. ఆవిడ కదల్లేదు. ఎవరూ పిలవలేదు. ఎవరికీ ఏమీ అందించలేదు. చివరి ముక్క కూడా దిగిపోయాక సూర్యకుమారికి ఏడుపొచ్చింది. దుఃఖం కాదు, ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోతే వచ్చే ఏడుపు. ముక్కు చీదుకోవడానికి టిష్యూ పొట్లం చేతిలోనే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, పైన నలుగురు ఆకలితో ఉన్నారని. ఉలిక్కిపడి గబగబా బాటెక్కింది.

పైకొచ్చేసరికి అంతా తారుమారు. బెంచీ చుట్టూ పసుపుపచ్చ రిబ్బను కట్టేశారు. అంత దూరాన, బళ్లు నిలిపే చోట, జనాన్ని గుంపుగా నిలబెట్టారు. బెంచీ దగ్గర వెడల్పాటి టోపీ పెట్టుకున్న, పార్కు కాపలా చూసే రేంజరమ్మ ఒకావిడ, సూర్యకుమారి ఈడుదే, చేతికి తొడుగులతో నిలబడి ఉంది. పేలిపోతుందనుకున్నారట! వదిలేసిన సంచీ, లోపల గుండ్రటి లోహం, బయటికి వైరు. ఎవరో చూసి కబురు పెట్టారు. గంట సేపు ఎవర్నీ అంచు దగ్గరికి రానివ్వలేదు. చివరికి రేంజరమ్మ దగ్గరికొస్తే గుప్పున ఇంగువ వాసన కొట్టిందట. పేలే వస్తువుకి ఇంగువ వెయ్యరని ఆవిడకి ఎలా తట్టిందో గానీ, మూత తీసింది.

"మేడమ్, మీరు కిందనుంచి వస్తున్నారా?" అందావిడ ఇంగ్లీషులో. కోపం లేదు, అలసట ఉంది. "ఈ సంచీ ఎవరిదో తెలుసా? ఇంత మందిని అడిగాను, ఒక్కరూ మాది అనడం లేదు."

సూర్యకుమారి గుంపు వైపు చూసింది. ముందు వరసలోనే సుధాకరరావు ఉన్నాడు. ఆయన పక్కన మహీధర్, ఆమని తలలొంచుకుని నిలబడ్డారు. కీర్తిక ఏదో అనబోతుంటే తండ్రి చెయ్యి పట్టి ఆపుతున్నాడు. సూర్యకుమారి చూడగానే సుధాకరరావు కళ్లు పెద్దవి చేసి, తల అడ్డంగా ఊపాడు. మాది కాదని చెప్పు, ఒప్పుకున్నావంటే పట్టుకుపోతారు అని ఆ ఊపుకి అర్థం.

అంటే సంచీ చూసి కూడా ఈయన గంటసేపు నోరెత్తలేదన్నమాట. పెళ్లాం ఎక్కడుందో తెలియకపోయినా నోరెత్తలేదు. అది అర్థమయ్యేసరికి, ఇన్నేళ్లుగా రాని కోపం, బలం లేక రాని కోపం, అరికాలి నుంచి లేచింది. ఓ గంట నిద్ర పడితే మనిషికి ఎంత బలమొస్తుందో చూడండి!

రేంజరమ్మ స్టీలు డబ్బా పైకి తీసి, టార్చి వేసి మూత మీద చూపించింది. "ఇక్కడేదో రాసుంది. మీకు చదవడం వచ్చా?"

చుక్కలు చుక్కలుగా తెలుగు అక్షరాలు. తన నాన్న చెక్కించినవి. ఏళ్ల తరబడి తను రుద్ది రుద్ది కొంచెం అరిగినవి.

"వచ్చు" అంది సూర్యకుమారి.

"ఏం రాసుంది?"

"పేరు."

"మీ పేరా?"

సూర్యకుమారి డబ్బా వైపు చూసింది. అబద్ధం ఆడాల్సిన పనేముంది? "కాదు" అంది. ఆ వెంటనే గుంపంతటికీ వినపడేలా, గట్టిగా చదివింది.

"సుధాకరరావు. కె. సుధాకరరావు, బాపట్ల." చెయ్యెత్తి చూపించింది. "అదిగో, ఆయనే."

గుంపులోంచి "మమ్మీ!" అని కీర్తిక కేక వినపడింది. అందులో భయం లేదు, ఈలొక్కటే తక్కువ. సుధాకరరావు మాత్రం రంగు మారిపోయి నిలబడ్డాడు. రేంజరుకి భయపడి కాదు. ఆ గొంతులో తన పేరు ఎలా ఉంటుందో ఆయనా అప్పుడే మొదటిసారి విన్నాడు.

రేంజరమ్మ ఆయన్ని పిలిచి, పక్కకి తీసుకెళ్లి, బాగానే తలంటింది. దిక్కులేకుండా సంచీలు వదిలేస్తారా, అడిగితే చెప్పరా, ఇంతమంది సాయంత్రం పాడుచేశారు అని. ఆయన "ఎస్ మేడమ్, సారీ మేడమ్" అంటూనే ఉన్నాడు. వదిలిపెట్టింది నేను అని సూర్యకుమారి చెప్పబోయింది గానీ, ఆవిడ అడగలేదు. సంచీ, కుక్కర్, వైరు, డబ్బా, అన్నీ ఆయన చేతుల్లో పెట్టి పంపించింది. రిబ్బను తీసేశారు. జనం గొణుక్కుంటూ బళ్లెక్కారు.

బెంచీ ఖాళీగా ఉంది. సూర్యకుమారి వెళ్లి కూర్చుంది. ఆకాశంలో ఇంకా కాస్త ఎరుపు మిగిలుంది. కీర్తిక పరిగెత్తుకొచ్చి పక్కన కూలబడి, తల్లి భుజం మీద తల పెట్టుకుంది. మహీధర్, ఆమని ఎందుకో దూరంగానే ఆగిపోయారు.

సుధాకరరావు ఒక చేతిలో ఆ సామానుతో, ఇంకో చేతిలో బండిలోంచి తెచ్చిన వంట సంచీతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎందుకలా చెప్పావు సూర్యా?"

"ఉన్న పేరే కదండీ చదివాను."

ఆయన లోయ వైపు చూశాడు. అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు. "మేమెవరమూ చూడలేదు" అన్నాడు నెమ్మదిగా. "అక్కడ పార్కింగ్‌లో గోడ అడ్డం. నువ్వు చూశావా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

ఎలా ఉందో చెప్పాలంటే చాలా చెప్పాలి. క్యాలెండరు దగ్గర మొదలుపెట్టాలి. "ఆకలేస్తోంది. పెట్టండి" అంది.

ఆయనకి అర్థం కాలేదు. "ఏంటి?"

"డాడీ, పులిహోర లా" అంది కీర్తిక. "మమ్మీకి సర్వ్ చెయ్యి."

సుధాకరరావు సామాను కింద పెట్టాడు. కాగితం పళ్లెం కోసం రెండు సంచీలు తడిమాడు. డబ్బా మూత ఎటు తిరుగుతుందో తెలీక కాసేపు పెనుగులాడాడు. చేత్తోనే తీసి, కొంత కిందపోసి, కొంత పళ్లెంలో పెట్టి ఆవిడకిచ్చాడు. సూర్యకుమారి పళ్లెం ఒళ్లో పెట్టుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. ఆయన ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

"ఉప్పు కాస్త తగ్గిందండీ" అంది.

ఆయన గబుక్కున వంగి సంచీలో చెయ్యి పెట్టాడు. ఒక సంచీ అయింది, రెండోది అయింది. సీసాలన్నీ తీసి నేల మీద వరసగా పెట్టాడు.

"ఉప్పెక్కడ పెట్టావు సూర్యా?"

సూర్యకుమారి కాళ్లు చాపుకుని, వీపు బెంచీకి ఆనించి, ఇంకో ముద్ద తీసుకుంది.